భూమేష్ నిలబెట్టనన్న కోట

దమ్మామ్‌కూ ఖోబర్‌కూ మధ్య ఉన్న ఆ కాంపౌండులో నూట ఎనభై ఇళ్ళు. అన్నింట్లోనూ బ్రిటిష్, అమెరికన్, ఆస్ట్రేలియన్ కుటుంబాలే. ఏ ఇంట్లో తలుపు బిగుసుకున్నా, ఏ వంటింట్లో అల్మారా కుంగినా మెయింటెనెన్సు ఆఫీసులో నేను కాగితం రాసేవాణ్ణి, వడ్ల భూమేష్ వెళ్ళి బాగుచేసి వచ్చేవాడు. నా పేరు జ్ఞానరాజు. మాది అమలాపురం దగ్గర. టైము షీట్లు రాయడం నా ఉద్యోగం. ఇంగ్లీషు రాని మనవాళ్ళకూ తెలుగు రాని దొరలకూ మధ్య మాట చేరవేయడం ఎవరూ ఇవ్వకుండానే నా నెత్తిన పడ్డ రెండో ఉద్యోగం.

నేను చెప్పబోయేది 2007 సంగతి. అప్పటికి భూమేష్‌కు నలభై ఆరేళ్ళు. పొట్టి మనిషి, నడకలో తొందర ఉండదు. ఎవరితోనూ తగాదా పెట్టుకోడు. కానీ కాదన్నాడంటే ఇక కాదనే. అంతకు మూడేళ్ళ ముందు కాంపౌండు గోడలు పెంచి, గేటు ముందు సిమెంటు దిమ్మలు పెట్టి, బందోబస్తు బిగించినప్పుడు పనివాళ్ళందరూ పొద్దున్నే దేశంలో ఉండటానికి అనుమతిచ్చే తమ ఇకామా కార్డులు గేటులో అప్పగించి సాయంత్రం తీసుకోవాలని రూలు పెట్టారు. మేమంతా నోరెత్తకుండా ఇచ్చేశాం. భూమేష్ మాత్రం కార్డు చేతిలో పట్టుకుని, "చూపిస్త. ఇయ్య," అన్నాడు. సెక్యూరిటీవాడు లోపలికి వదల్లేదు. భూమేష్ వెనక్కీ పోలేదు. ఆరున్నర నుంచి పదకొండు దాకా ఆ ఎండలో అలాగే నిలబడ్డాడు. లోపల ఒక ఇంటి ముందు తలుపు ఊడదీసి ఉంది, బిగించేవాడు లేడు. చివరికి ఫోర్‌మన్ గౌస్ మొహిద్దీన్ పరుగెత్తుకొచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. మర్నాటి నుంచి అందరూ కార్డు చూపించడమే, ఇవ్వడం లేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు, భూమేష్ కూడా.

ఏప్రిల్ మొదట్లో కాంపౌండు స్కూలు టీచరు మిసెస్ హార్వుడ్ మా ఆఫీసుకొచ్చింది. యాభై దాటిన ఇంగ్లీషావిడ. పిల్లలకు చరిత్ర చెప్తుంది, నాటకాలు వేయిస్తుంది. చేతిలో పెన్సిలు బొమ్మలున్నాయి. ఇంగ్లీషువాళ్ళు మొదటిసారి సముద్రం దాటి అమెరికా ఒడ్డున స్థిరపడి ఆ మే నెలకు నాలుగు వందల ఏళ్ళు నిండుతాయట. ఆ సందర్భంగా అరవైమంది పిల్లలతో నాటకం. అందుకు ఒక ఓడ కావాలి, మూడు మూలల కర్రకోట కావాలి. భూమేష్‌ను పిలిపించి బొమ్మలు చూపించి, నా వైపు తిరిగి కథ మొత్తం చెప్పమంది.

"ఇంగ్లండు నుంచి మూడు ఓడల్లో వంద మందికి పైగా బయల్దేరారంట భూమేషన్నా. వర్జీనియా అనే చోట దిగి కోట కట్టుకున్నారు. తర్వాత ఇంకో చోట, ఇంకో చోట. ఆనక ఆస్ట్రేలియా, న్యూజిలాండు. అలా వీళ్ళ కాలనీలు పెరిగినయ్యన్నమాట."

"కాలనీలా?" అన్నాడు భూమేష్. "అంటె వీళ్ళ ఊర్లు మునిగినయా?"

నాకు అర్థం కాలేదు. "లేదే. మునగడమేంటి?"

"మునిగితెనే గద సారూ కాలనీ ఇచ్చేది. మా ఊరు మునిగితె మాకు గట్లనే ఇచ్చిన్రు, కాలనీ."

మిసెస్ హార్వుడ్ అతనేమంటున్నాడని అడిగింది. ఓడ ఎంత ఎత్తు ఉండాలో అడుగుతున్నాడని చెప్పాను. అది నాకు అలవాటు. అనవసరమనిపించిన మాటను పక్కకు తోసి, అవసరమనిపించిన మాటను దాని స్థానంలో పెట్టేవాణ్ణి. దానివల్ల ఆఫీసులో నాకు మంచివాడని పేరు.

ఓడ తయారవడానికి పది రోజులు పట్టింది. ప్లైవుడ్ పలకలను నీళ్ళలో తడిపి, బరువులు పెట్టి వంచి, పద్నాలుగు అడుగుల పొడవున ఒక పక్క మాత్రమే కనిపించేలా కట్టాడు. కింద చక్రాలు. తెరచాప విప్పి వేరేది కట్టుకునేలా పైన కొక్కేలు. స్కూలు వదిలాక పిల్లలు మా వర్క్‌షాపు గుమ్మంలో గుంపుకట్టేవాళ్ళు. తర్వాత కోట మొదలుపెట్టాడు. గుండ్రటి కర్రలకు ఒక కొన చెక్కి, పక్కపక్కన పేర్చి, మూడు గోడలుగా మడతపెట్టుకునేలా బందులు వేశాడు. ఆ పనిలో అతనికి తోడు జగిత్యాల వైపు కుర్రవడ్రంగి మల్లేశం. వయసు ముప్పై ఉంటుంది గానీ భూమేష్ దృష్టిలో ఇంకా నేర్చుకుంటున్నవాడే.

నాటకం బుధవారం సాయంత్రం అనగా, దానికి ముందు ఆదివారం హాల్లో రిహార్సలు పెట్టారు. ఓడను తోయడానికి భూమేష్, మల్లేశం వచ్చారు. కోట గోడలు ఇంకా మడతలోనే ఉన్నాయి, ఒక పక్కన గోడకు ఆనించి. నేను సామాను లెక్క చూసుకోవడానికి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చున్నాను.

స్టేజి మీద పచ్చరంగు గుడ్డ పరిచారు. మెడ చుట్టూ కాగితపు కుచ్చుల పట్టీ పెట్టుకున్న ఒక పిల్ల ముందుకొచ్చి చదివింది. "వాళ్ళ ఎదుట ఖాళీ ఒడ్డు. ఎవరిదీ కాని నేల." ఓడ వచ్చింది. పిల్లలు దిగారు, జెండా పాతారు, పాట పాడారు. ఓడ వెనక్కి వెళ్ళింది. తెరచాప మార్చారు. ఈసారి మసాచుసెట్స్. ఆ పిల్ల మళ్ళీ అదే మాట చదివింది. మూడోసారి పచ్చగుడ్డ తీసి ఎర్రగుడ్డ వేశారు. ఆస్ట్రేలియా. అదే మాట. నాలుగోసారి మళ్ళీ పచ్చగుడ్డ. న్యూజిలాండు. అదే మాట.

భూమేష్ ఓడను ఆపి నా దగ్గరకొచ్చాడు.

"ఆ పిల్ల ఎంప్టీ అన్నది గదా సారూ. ఎంప్టీ అంటె ఖాళీ అనే గదా?"

అతనికి చదువు రాకపోయినా ఆ మాట తెలుసు. కాంపౌండు వెనక గ్యాసు సిలిండర్ల షెడ్డులో నిండువి ఒక పక్క, ఖాళీవి ఒక పక్క పెట్టడానికి బోర్డులు చేసింది అతనే.

"అవును. ఖాళీ ఒడ్డని."

"నాలుగు దేశాలు ఖాళీగనే ఉండెనా?"

నాకు తెలిసింది చెప్పాను. నాలుగు చోట్లా మనుషులున్నారని, మొదటి చోటైతే ఊళ్ళు, చేలు, రాజు కూడా ఉన్నాడని, తిండి లేక చచ్చిపోతున్న ఈ తెల్లవాళ్ళకు వాళ్ళే మొక్కజొన్నలు ఇచ్చారని, తర్వాత పొగాకు తోటల కోసం ఆ నేలంతా లాక్కుని వాళ్ళను తరిమేశారని. అంతా చిన్నప్పుడు కాన్వెంటులో చదువుకున్నదే.

"మరి ఆటల వాండ్లేరి?"

"చివర్లో ఇద్దరు పిల్లలు ఈకలు పెట్టుకొచ్చి బుట్ట ఇచ్చి దణ్ణం పెడతారు. అదే."

అప్పుడే మిసెస్ హార్వుడ్ చప్పట్లు కొట్టి, కోట గోడలు నిలబెట్టి చూద్దామని పిలిచింది. మల్లేశం కదిలాడు. భూమేష్ కదల్లేదు. చేతిలో సుత్తి తీసి కుర్చీ మీద పెట్టాడు.

"నేను నిలవెట్ట అని చెప్పు సారూ. ఆడ ఇండ్లుండె. ముందుగాల ఇండ్లు వెట్టాలె. దాని పక్కకు కోట నిలవెడ్త. ఉత్త జాగల నిలవెట్ట."

అరవైమంది పిల్లలు, నలుగురు టీచర్లు మా వైపే చూస్తున్నారు. కర్ర ఇంకా ఆరలేదనీ, రేపు నిలబెడతాననీ అంటున్నాడని మిసెస్ హార్వుడ్‌కి చెప్పాను. ఆవిడ సరేనని తలూపింది.

భూమేష్ నా ముఖంలోకి చూశాడు. "నా మాట చెప్పలే నువ్వు."

"భూమేషన్నా, ఇప్పుడొద్దు..."

"టుమారో అన్నవ్. నేను రేపనలే."

అని నన్ను దాటుకుని స్టేజి దాకా నడిచాడు. ఆ పచ్చగుడ్డ మీద చెయ్యి పెట్టి, తనకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో తనే చెప్పుకున్నాడు. "మేడమ్. నో ఎంప్టీ. పీపుల్. హౌస్. ఐ మేక్ హౌస్. దెన్ ఫోర్ట్. నో హౌస్, నో ఫోర్ట్."

మిసెస్ హార్వుడ్ ముఖం ఎర్రబడింది. ఇది పిల్లల నాటకమని, మూడు రోజులే ఉందని, పిల్లలు మాటలు కంఠతా పట్టేశారని, హెడ్‌మాస్టరు చూసి సంతకం పెట్టిన కథ ఇది అని గబగబా చెప్పింది. ఈసారి నేను అంతా ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. భూమేష్ చివరిదాకా విన్నాడు.

"మూడు దినాలు శాన," అన్నాడు. "రెండు ఇండ్లకు ఒక్క దినం సాలు."

కబురు కాంపౌండు మేనేజరు డెంటన్‌కు చేరడానికి గంట పట్టలేదు. ఒకప్పుడు సైన్యంలో పనిచేసినవాడు. నిలబడే మాట్లాడతాడు, ఎదుటివాణ్ణీ నిలబెట్టే మాట్లాడతాడు. భూమేష్‌ను, నన్ను, ఫోర్‌మన్ గౌస్ మొహిద్దీన్‌ను తన గదికి పిలిపించాడు. నాటకంలో ఏముండాలో వడ్రంగి చెప్పక్కర్లేదన్నాడు. చెప్పింది చెయ్యడమే నీ పని అన్నాడు. నేను తెలుగు చేశాను.

"ఓడ జెయ్యమన్నరు, జేసిన. కోట జెయ్యమన్నరు, జేసిన," అన్నాడు భూమేష్. "అబద్ధాన్ని నిలవెట్టుమంటున్నరు. అది నా పని కాదు."

ఆ చివరి వాక్యాన్ని నేను కాస్త మెత్తబరిచాను. అతనికి ఇష్టం లేదట సార్, అన్నాను. డెంటన్ గౌస్ వైపు తిరిగి, మాట వినకపోతే ఇతన్ని ఇక్కడ ఉంచనన్నాడు.

బయటికొచ్చాక గౌస్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. గౌస్‌ది నిజామాబాద్, భూమేష్‌ను ఎప్పటినుంచో ఎరిగినవాడు. "నీ దిమాగ్ ఖరాబైందా భూమేష్? పిల్లల ఖేల్ అది. ఆ పక్క సముద్రం కాడ రాబిగ్ సైటుకు మనుషుల్ని అడుగుతున్రు. నీ పేరు ఇస్తడు ఈ ముదీర్ డెంటన్. ఈ వయసుల షట్టరింగ్ పలకలు మోస్తవా ఆడ?"

"మోస్త."

"అరే, నీకేమొస్తది దీన్ల?"

భూమేష్ పనిలోకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం వర్క్‌షాపులో నేను, మల్లేశం ఉండగా కారణం చెప్పాడు.

వాళ్ళ ఊరు గోదావరి ఒడ్డున. పోచంపాడు ఆనకట్టకు నీళ్ళు నింపినప్పుడు మునిగిన ఊళ్ళలో అదొకటి. నీళ్ళు రావడానికి ఏడాది ముందు సర్వే ఆఫీసర్లు వచ్చి ఇంటింటికీ నంబర్లు రాశారు. పొలాలున్నవాళ్ళ ఇళ్ళకు రాశారు. వడ్ల, కుమ్మరి, చాకలి ఇళ్ళున్న వైపు మాత్రం రాయలేదు. అది ఊరి ఉమ్మడి జాగా, పట్టా ఎవరి పేరా లేదు, కాబట్టి ఖాళీ. భూమేష్ తండ్రి లింగయ్య నాగలి చెక్కుతూ కూర్చుని ఉన్నాడట. ఆయన ముందే, ఆయన పొయ్యి రాజేసుకున్న గుమ్మం ముందే, సర్వే మనిషి ఆ మాట రాసుకున్నాడు.

"మా బాపు అడిగిండు, 'అయ్యా, నేనీడ కూసున్న గద, ఖాళీ ఎట్లయితది' అని. వాడు తలకాయ ఎత్తలే. రాసుకున్నడు, పోయిండు," అన్నాడు భూమేష్. "తర్వాత కాలనీల మాకు జాగ రాలే. పొలమున్నోళ్ళ ఇంటెన్కల గుడిసె ఏసుకున్నం. నేను గిప్పటిదాంక ఎవ్వలికి చెప్పలే. చెప్పెటందుకేమున్నది. కని నా చేతులతోని నేనే చెక్కిన కోటను గసొంటి మాట మీద నిలవెట్టుమంటె ఎట్ల నిలవెడ్త చెప్పు?"

మల్లేశం చిత్రిక పట్టడం ఆపి తల వంచుకున్నాడు. అతని ఇకామా రెన్యువల్ ఆ నెలలోనే ఉంది. గౌస్ అప్పటికే అతనికి చెప్పాడు, భూమేష్ కాదంటే కోట నువ్వు నిలబెట్టాలని.

మర్నాడు మధ్యాహ్నం మిసెస్ హార్వుడ్ ఒక్కతే వర్క్‌షాపుకొచ్చింది. చేతిలో పెద్ద పుస్తకం. రంపపుపొట్టు పడ్డ బల్ల మీద దాన్ని తెరిచి ఒక పాతకాలపు బొమ్మ చూపించింది. గుండ్రటి కప్పుల ఇళ్ళు, మధ్యలో దారి, పక్కన మొక్కజొన్న చేను, మంట చుట్టూ మనుషులు. ఇంగ్లీషువాళ్ళు దిగిన తీరంలో అప్పటికే ఉన్న ఊళ్ళు ఇలాంటివేనని చెప్పింది.

"ఈ పుస్తకం ఇరవై ఏళ్ళుగా నా దగ్గరుంది," అంది నాతో. "ఆ వాక్యం కూడా నేనే రాశాను. అతనికి చెప్పు."

చెప్పాను. భూమేష్ చూపంతా బొమ్మ మీదే ఉంది. వేలితో ఇంటి కప్పును కొలిచినట్టు తడిమాడు.

"పచ్చి కట్టెలు తెచ్చి, రెండు కొనలు భూమిల పాతి, నడుమ వంచిన్రు. మొల గొట్టుడు లేదు. అంతా కట్టుడే. పైన చాప. ఎండకాలం చాప లేపితె గాలి." తలెత్తి మిసెస్ హార్వుడ్‌తో తెలుగులోనే అన్నాడు. "మంచి పనోళ్ళమ్మా వీళ్ళు."

ఆవిడ నా వైపు చూసింది. ఆ మాటను అలాగే చెప్పాను. ఆవిడ పుస్తకం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఇళ్ళు చెయ్యమని అనలేదు, వద్దనీ అనలేదు. నాటకంలో మాట మార్చే అధికారం తనకు లేదని మాత్రం గుమ్మం దగ్గర ఆగి చెప్పింది.

భూమేష్ ఆ రోజు పని గంటలు ముగిశాక మొదలుపెట్టాడు. కాంపౌండు తోటపని చేసే బంగ్లాదేశీలు ఖర్జూరపు చెట్ల మట్టలు కొట్టి గోడవారగా పడేసి ఉంచారు. వాటి ఆకు దూసి, మట్టల్ని నీళ్ళ తొట్టిలో నానబెట్టాడు. మంగళవారం సాయంత్రం ఒక్కో మట్టనూ మోకాలికి ఆనించి వంచుతున్నాడు. రెండు విరిగిపోయాయి. అప్పుడు మల్లేశం వచ్చాడు. కోట గురించి గౌస్ చెప్పిన మాట ఎత్తలేదు, ఇకామా మాట ఎత్తలేదు.

"ఒక్కనితోని వంగయి మట్టలు," అని రెండో కొస పట్టుకున్నాడు.

చీకటి పడేసరికి రెండు ఇళ్ళ చట్రాలు లేచాయి. పనివాళ్ళం ఉండే క్యాంపులో నమాజుకనీ, భోజనానికనీ పరుచుకునే పాత ప్లాస్టిక్ చాపల్ని వెనక్కి తిప్పి, మట్టిరంగు పూసి పైన కట్టారు. గుమ్మం ఒక మనిషి వంగి దూరేంత ఉంది.

బుధవారం పొద్దున్న నేను ఆఫీసుకు వెళ్ళేసరికే ఆ ఇళ్ళు స్టేజి మీదున్నాయి. పచ్చగుడ్డకు సరిగ్గా నడిమధ్యన, ఓడ ఆగేచోటికి ఎదురుగా. డెంటన్‌కు తెలిసింది. తీయించమని గౌస్‌కు ఫోను చేశాడు. గౌస్ ఇద్దరు క్లీనర్లను వెంటబెట్టుకుని హాలుకొచ్చాడు, నన్నూ రమ్మన్నాడు.

భూమేష్ అక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూడగానే వంగి ఆ రెండిళ్ళలో ఒకదాని లోపలికి దూరి, కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు.

"బయటికి రా భూమేష్," అన్నాడు గౌస్.

"ఇండ్ల మనిషున్నడు. ఖాళీ లేదు. ఖాళీ అయినంక తీసుకపోండి."

"ఎప్పుడైతది ఖాళీ?"

"కాదు."

క్లీనర్లు నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డారు. మనిషితో సహా దాన్ని ఎత్తడం వీలు కాదు. మనిషిని లాగాలంటే గౌస్ చెయ్యి వెయ్యాలి. గౌస్ చెయ్యి వెయ్యలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, బుగ్గన చెయ్యి పెట్టుకుని, "క్యా ఆద్మీ హై రే," అని తనలో తను అనుకున్నాడు. డెంటన్ తనే వచ్చాడు. వంగి గుమ్మంలోంచి చూశాడు. లోపలున్న మనిషితో వంగి మాట్లాడటం అతనికి చేతకాలేదు. నిటారుగా నిలబడి ఇంటి కప్పుతో మాట్లాడాడు. పదింటికల్లా ఇది ఇక్కడ ఉండకూడదని, ఉంటే ఇతని ఉద్యోగం ఉండదని. నేను వంగి లోపలికి అదే మాట చెప్పాను.

"సరే అను," అన్నాడు భూమేష్. "ఉద్యోగం ఆయనది. తీసుకొమ్మను. ఇల్లు నాది."

పదింటికి రిహార్సలు కోసం పిల్లలొచ్చారు. ఇళ్ళను చూసి పరుగున స్టేజి ఎక్కారు. ఇద్దరు ముగ్గురు భూమేష్ పక్కన దూరి కూర్చున్నారు. కుచ్చుల పట్టీ పిల్ల తన కాగితం తెరిచింది, ఇళ్ళ వైపు చూసింది, మళ్ళీ కాగితం చూసింది. అందరూ వినేలా మిసెస్ హార్వుడ్‌ను అడిగింది.

"మిస్, ఇక్కడ ఇళ్ళున్నాయి కదా. అయినా ఖాళీ అనే చదవాలా?"

డెంటన్ అక్కడే ఉన్నాడు. హెడ్‌మాస్టరు తలుపు దగ్గరున్నాడు. మిసెస్ హార్వుడ్ వాళ్ళిద్దరి వైపూ చూసింది. తర్వాత ఆ పిల్ల చేతిలోంచి కాగితం తీసుకుని, పెన్నుతో ఏదో కొట్టేసి, ఏదో రాసి ఇచ్చింది. డెంటన్‌తో, ఈ నాటకానికి జవాబుదారీ తనదని, ఏమున్నా రేపు మాట్లాడుకుందామని అంది.

భూమేష్ బయటికొచ్చాడు. గోడకు ఆనించిన మడత గోడల్ని తెచ్చి, ఇళ్ళకు మూడడుగుల దూరంలో తన చేత్తోనే కోట నిలబెట్టాడు. మూడు మూలలూ బిగించి, ఊపి చూసి, కిందికి దిగాడు.

సాయంత్రం హాలు నిండిపోయింది. పనివాళ్ళం తెర వెనక నిలబడి చూశాం. ఆ పిల్ల ముందుకొచ్చి చదివింది. "వాళ్ళ ఎదుట ఒక ఒడ్డు. ఆ ఒడ్డున అప్పటికే మనుషులు ఇళ్ళు కట్టుకుని ఉన్నారు." నాలుగు చోట్లకూ నాలుగుసార్లు అదే చదివింది. ఓడ వచ్చిన ప్రతిసారీ ఇళ్ళు అక్కడే ఉన్నాయి. మూడోసారికి కోట వాటి మీదికి కాస్త జరిగింది, పిల్లల తోపులాటలో. నాలుగోసారి జెండా పాతే పిల్లవాడికి చోటు చాలక ఇంటి గుమ్మం ముందే పాతాడు. ఎవరూ అలా చెయ్యమనలేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కొందరు ముఖాలు చూసుకున్నారు. చివర్లో చప్పట్లు కొట్టారు, కొందరు గట్టిగా, కొందరు మర్యాదకు. ఇద్దరు పెద్దమనుషులు డెంటన్‌ను మూలకు పిలిచి మాట్లాడటం నేను చూశాను.

శనివారం డెంటన్ నాతో ఒక లెటరు టైపు చేయించాడు. భూమేష్ పై అధికారి ఆజ్ఞను ధిక్కరించాడు, స్కూలు కార్యక్రమానికి అంతరాయం కలిగించాడు, అందుకు క్షమాపణ కోరుతున్నాడు. కింద సంతకం పెడితే ఇక్కడే ఉండొచ్చు. లేకపోతే రాబిగ్. అతని మీద అప్పటికే ఉన్న గేటు గొడవ కూడా అందులో చేర్చమన్నాడు. చేర్చాను.

భూమేష్‌ను ఆఫీసుకు పిలిచి కూర్చోబెట్టాను.

"చదువు సారూ," అన్నాడు. "ఒక్క ముక్క ఇడిశిపెట్టకు. ఒక్క ముక్క నీది కలపకు."

చదివాను. ప్రతి మాటకూ తెలుగు చెప్పాను. ఎక్కడా మెత్తబరచలేదు. ధిక్కరించాడు అన్న చోట అతను నన్ను ఆపి, మళ్ళీ చెప్పమన్నాడు. ఆ మాట నచ్చినట్టే తలూపాడు. క్షమాపణ దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

"గిది నేననలే. నేనన్నది రాయి కింద."

ఏం రాయాలో చెప్పాడు. నేను ఇంగ్లీషులో పెట్టాను. "ఓడ, కోట, ఇళ్ళు మూడూ నేనే చేశాను. మూడూ గట్టిగా ఉన్నాయి. మూడూ నిజం. నేను తప్పు చెయ్యలేదు." కింద తెలుగులో సంతకం చేశాడు. వడ్ల భూమేష్, తండ్రి లింగయ్య. తండ్రి పేరు అక్కర్లేదని చెప్పాను. ఉండనియ్యి అన్నాడు.

ఆ కాగితాన్ని నేనే డెంటన్‌కిచ్చాను. ఇతనేమంటాడు, అసలు క్షమాపణ చెప్తాడా లేదా, అని అడిగాడు. ఆ క్షణంలో పక్కకు తోసెయ్యడానికి నాకు ఎన్నో మాటలు అందుబాటులో ఉన్నాయి. అలవాటైన నాలుక కదా.

"చెప్పడు సార్," అన్నాను. "అబద్ధాన్ని నిలబెట్టడం తన పని కాదంటున్నాడు. ఆ మాట ఆదివారమే అన్నాడు. నేనే మీకు సరిగ్గా చెప్పలేదు."

డెంటన్ కాగితం వైపు కాదు, నా వైపు చూశాడు. ఆ తర్వాత ఆ ఆఫీసులో నన్నెవరూ మంచివాడనలేదు.

భూమేష్ రాబిగ్ వెళ్ళాడు. దమ్మామ్ నుంచి ఆ పక్క సముద్రం దాకా, ఎడారికి అడ్డంగా, పగలంతా సాగే బస్సు ప్రయాణం. పనిముట్ల పెట్టె బస్సు పైన వెయ్యాలన్నాడు డ్రైవరు, పాకిస్తానీ ముసలాయన. భూమేష్ వెయ్యనన్నాడు. అది పక్క సీటులో తనతోనే వస్తుందన్నాడు. ఇద్దరూ హిందీలో ఇరవై నిమిషాలు వాదించుకున్నారు. చివరికి డ్రైవరే ఆ పెట్టెను రెండు చేతులా ఎత్తి సీటు మీద పెట్టాడు.

రాబిగ్‌లో కడుతున్న కర్మాగారం దగ్గర షట్టరింగ్ పనిలో పంతొమ్మిది నెలలు చేశాడు. పలకలు మోసింది మొదటి రెండు నెలలే. అతని చేతిపని చూసి అక్కడి ఫోర్‌మన్ షట్టరింగ్ చట్రాలు బిగించే గ్యాంగుకు పెద్దను చేశాడు. మిసెస్ హార్వుడ్ ఆ వేసవిలోనే ఇంగ్లండు వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు మా ఆఫీసుకొచ్చి భూమేష్ రాబిగ్ క్యాంపు చిరునామా రాసుకుంది. నాటకం నాడు తీసిన ఫోటో ఒకటి అతనికి పోస్టు చేస్తానంది.

ఆ ఫోటో క్యాంపు ఆఫీసు అల్మారాలో ఏడాదిన్నర పడి ఉందట. 2009 జనవరిలో భూమేష్ ఇక తిరిగి రాకుండా ఊరికి పోయే ఫైనల్ ఎగ్జిట్ అడిగి తీసుకున్నాడు. కంపెనీ ఇంకో రెండేళ్ళు ఉండమన్నా ఉండలేదు. కాగితాలిచ్చేటప్పుడు ఆ కవరు కూడా ఇచ్చారు. జెద్దా ఎయిర్‌పోర్టు నుంచి నాకు ఫోను చేశాడు.

"మంచిగొచ్చింది సారూ ఫోటో. కని రెండో ఇంటిమీద చాప వంకరున్నది. అటు దిక్కు కట్టింది మల్లేశం. ముడి ఎన్కకు ఏసిండు. వానికి చెప్పు."

మల్లేశం ఆ సాయంత్రం ఎదురుపడితే, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పాను.